జవాబు పట్టుకుని ఆలూరు దాకా

నవంబరు చివర్లో నేనూ మా ఆడపడుచు శారదా కలిసి కడప, కర్నూలు వైపు నాలుగు రోజులు తిరిగి వచ్చాం. గుళ్ళూ కోటలూ చూడలేదు. ఒక పెద్దాయనకు ఒక మాట చెప్పడానికి వెళ్ళాం. తిరిగొచ్చాక మా వీధిలో వాళ్ళంతా "ఏం చూసొచ్చారు?" అని అడుగుతున్నారు. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకని రాస్తున్నాను.

ముందు శారద పని గురించి చెప్పాలి. పాత బురదలో చిక్కుకున్న పుప్పొడి, గింజలు, బొగ్గు తునకలు ఏరి, ఒకప్పుడు అక్కడ ఎలాంటి అడవి ఉండేదో, వానలు ఎలా పడేవో, మనుషులు వచ్చి ఏం మార్చారో తేల్చడం ఆమె ఉద్యోగం. చెట్టు రాల్చిన పుప్పొడి తడి బురదలో పడితే వేల ఏళ్ళయినా చెడదట. ఒక్కో చెట్టుది ఒక్కో రూపం. మైక్రోస్కోపు కింద పెడితే ఏ చెట్టుదో తెలిసిపోతుంది. అడుగు మట్టి పాతది, పై మట్టి కొత్తది. పడమటి కనుమల వర్షారణ్యాల్లో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ పచ్చదనం ఒకప్పుడు ఇటు ఎంతదూరం వచ్చిందో చూద్దామని రాయలసీమకు వెళ్ళింది.

రెండేళ్ళ కిందట మైదుకూరు వైపు గుట్టల్లో ఒక దొన దగ్గర ఇనుప గొట్టం దించి మట్టి తీసింది. దొన అంటే రాతి నడుమ నీళ్ళు నిలిచే గుంట. ఆ రోజు గొట్టం దించడానికి సాయం పట్టినవాడు ఓబన్న. అప్పటికే డెబ్భై దాటిన మనిషి. గొట్టం చీల్చి చూస్తే, పైనుంచి జానెడు మేర మట్టిలో నల్లటి బొగ్గు తునకలు కంటికి కనబడ్డాయి. ఓబన్న వాటిని వేలితో తాకి, "ఇది మా బొగ్గేనేమో మేడం," అన్నాడట. వయసులో ఉండగా ఆయన ఆ గుట్టల మీద చెట్లు నరికి బొగ్గు కాల్చాడు. "మేము నరకబట్టే వానలు పోయినాయని ఊర్లో అంటారు. నిజమేనా? మట్టి చూసి చెప్పు," అని అడిగాడు. చెబుతానని శారద మాటిచ్చింది.

మట్టి పరీక్ష అయింది, రిపోర్టు వెళ్ళింది. ఓబన్న ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం పలకడం లేదు. "వదినా, నువ్వు నాతో రా. క్లాసులో గంట చెప్పమంటే చెప్తాను గానీ, ఒక మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే నాకు నోరు పెగలదు," అంది శారద. నేను రేపల్లెలో ముప్పై రెండేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. నోరు పెగలకపోవడం అనే జబ్బు నాకు లేదు. సంచి సర్దుకున్నాను.

కడపలో

రైలు దిగి బస్టాండు దగ్గర చిన్న హోటల్లో కారం దోసె చెప్పాం. దోసె నిండా ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి తెచ్చారు. "రోంత కారం తగ్గించేదా మా?" అని వడ్డించే ఆయన ముందే అడిగాడు. "మాది గుంటూరు వైపు, కారం మాకు కొత్తా?" అన్నాను. నాలుగో ముక్కకు కళ్ళవెంట నీళ్ళు. ఆయన నవ్వు దాచుకుంటూ ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టాడు. దానికి డబ్బులు తీసుకోలేదు. "ఈడికొచ్చినోళ్ళకు మొదటి దినం ఇట్లనే అవుతాది," అన్నాడు.

మైదుకూరు బస్సులో మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది. జవాబు ఏమిటని శారదను అడిగాను. వానలు తగ్గింది ఓబన్న వల్ల కాదని చెప్పింది. అవి తగ్గడం ఆయన తాతలు పుట్టకముందే మొదలైంది. కానీ పై జానెడు మట్టిలో ఆయన కాల్చిన బొగ్గూ ఉంది, దానితోపాటు చెట్ల పుప్పొడి తగ్గిపోవడమూ ఉంది.

"మొదటిది చెప్పు చాలు. ముసలాయన. మనసు తేలికవుతుంది," అన్నాను.

"జానెడు మట్టి దాచమంటావా?"

"దాచడం ఏమిటి? అడిగింది వానల సంగతే కదా. దానికి జవాబు చెప్పి ఊరుకో."

శారద కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నలభై ఏళ్ళుగా ఆమె అలక నాకు తెలుసు.

తాళం వేసిన ఇల్లు

గుట్ట కింది ఊరికి ఆటోలో వెళ్ళాం. మా వైపు దడి అంటే తాటాకో ముళ్ళకంపో. ఇక్కడ బండలు నిలువుగా పాతి దడి కట్టారు. ఇళ్ళ మీద కప్పూ బండలే. మా ఇంట్లో గ్యాసు పొయ్యి కింద అపురూపంగా వేయించుకున్న రాయి ఇక్కడ పశువుల పాకకు కూడా కప్పు అయింది.

ఓబన్న ఇంటికి తాళం వేసి ఉంది. గొళ్ళేనికి సాలెగూడు. ఎదురుగా అంగడిలో కూర్చున్న ఆవిడను అడిగాం.

"ఏ ఓబన్న? ఈడ శానామంది ఓబన్నలుండారు."

"పెద్దాయన. వయసులో బొగ్గులు కాల్చేవారట," అంది శారద.

"ఓ, బొగ్గుల ఓబన్నా! ఆయప్ప ఈడ లేడమ్మా. పెండ్లాం సచ్చిపోయినాక ఒక్కడే ఏముంటాడు? బేతంచెర్లలో పెద్దకూతురు సుంకమ్మ కాడికి పోయినాడు."

శారద మొహం మారిపోయింది. రెండేళ్ళ కిందట మట్టి తీసిన రోజు మధ్యాహ్నం ఆయన భార్య తిరుపాలమ్మే వీళ్ళందరికీ రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి తెచ్చి దొన దగ్గర పెట్టిందట. శారద చేతిలో ముద్ద పెట్టి, నడుమ గుంట చేసుకుని ఎలా తినాలో కూడా నేర్పిందట.

అంగడావిడ మాట పొడిగించింది. "గుట్టంతా కాల్చి తిన్నోడు గదా. ఇప్పుడు పొయ్యి పొయ్యి బండలు కోసేకాడ నీడ ఎతుక్కుంటాండాడు." కోపంగా అనలేదు. ఊళ్ళో ఎన్నోసార్లు అనుకుని నవ్వుకున్న మాట లాగా అంది. వింటూ నిలబడిన ఆటో డ్రైవరు కూడా నవ్వాడు. నాకది మంచి నవ్వులా అనిపించలేదు.

పొద్దు ఉండగానే దొన దాకా నడిచాం. మోకాలి లోతు నీళ్ళు, గట్టు మీద కప్పలు. చుట్టూ గుట్ట మీద ముళ్ళపొదలూ, అక్కడక్కడా సర్కారు తుమ్మా తప్ప తల ఎత్తి చూడాల్సిన చెట్టు లేదు. ఈ రాళ్ళ సందున తేమ నేలలో పెరిగే ఫెర్నుల ఆనవాళ్ళు దొరికాయనీ, నీడ లేకపోతే బతకని చెట్లు ఉండేవనీ శారద చెబుతుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. "నువ్వు నమ్మకపోయినా అవి ఉన్నాయి వదినా. అడుగు మట్టి నిండా ఉన్నాయి," అంది. అలక కొంచెం తగ్గింది.

బేతంచెర్ల బురద

మర్నాడు పొద్దున బేతంచెర్లలో ఉగ్గాని తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. ఇద్దరం కడుపునిండా తిన్నా మా ఊళ్ళో ఒకరి టిఫిను ధర కూడా కాలేదు. ఆ ఊళ్ళో ఎటు చూసినా బండలే. కోసినవి, కోయాల్సినవి, లారీకి ఎక్కేవి, విరిగి దిబ్బలుగా పడినవి.

సుంకమ్మ పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీ వెతుక్కుంటూ పోతుంటే దారి పక్కన తెల్లగా, చదునుగా సిమెంటు చేసినట్టున్న చోటు కనిపించింది. దాని మీదుగా అడ్డం పడితే దగ్గరని అడుగేశాను. అది నేల కాదు. బండలు కోసేటప్పుడు వచ్చే రాతిపొడి బురద. పిక్కల దాకా దిగిపోయాను. శారద ఒక చెయ్యి, అటుగా పోతున్న లారీ క్లీనరు ఒక చెయ్యి పట్టుకుని లాగారు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

అలా ఒంటి చెప్పుతో, తెల్లటి కాళ్ళతో సుంకమ్మ ముందు నిలబడ్డాను. నలభై అయిదేళ్ళుంటాయేమో. కనుబొమల మీద కూడా రాతిపొడి పేరుకుని ఉంది. మేమెవరో అడగకముందే, "అయ్యో, ఆరిపోతే రాయి మాదిరి గట్టిపడతాది. కూచో అక్కా," అని బండ మీద కూర్చోబెట్టి, డ్రమ్ములోంచి చెంబు చెంబుగా నీళ్ళు తీసి నా కాళ్ళూ చీర అంచూ కడిగింది. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుందని ఆ తర్వాత తెలిసింది. మా ఇంటి వెనక కాలువలో నేను ఒక్క వాయి బట్టలకు పారబోసే నీళ్ళు ఈమెకు ఎన్ని రోజులకు వస్తాయోనని సిగ్గేసింది.

ఓబన్న అక్కడా లేడు.

"ఈ దుమ్ముకు మా నాయనకు దగ్గు పట్టుకున్యాది. ఆలూరు కాడ మా చెల్లెలు లక్ష్మీదేవి ఉంటాది, ఆడికి పంపించినా. శనగచేను జింకలు మేస్తాంటే కాపలా ఉండాడు," అంది సుంకమ్మ. శారద వైపు తిరిగింది. "మట్టి మేడం నువ్వేనా? మా నాయన చెప్తాంటాడు. మీరు చెప్పబొయ్యేది మంచి మాటేనా?"

శారద నా వైపు చూసింది. నేను చెంబు వైపు చూశాను.

"ఊర్లో బోర్లు ఎండినప్పుడు మా ఇంటి ముందర నిలబడి తిట్టినారక్కా. మాయమ్మ వాకిలేసుకుని లోపల కూచునింది. మా నాయన ఒక్క మాట తిరిగి అనలేదు. అవునేమో అనుకున్యాడు." తుడుచుకోమని తన కొంగే నాకు అందించింది. "ఏదైనా గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంపుగా చెప్పి పొయ్యేవాళ్ళు మాకు ఓట్లప్పుడు శానామంది వస్తారు."

బస్సులో నేను శారదతో చేసిన వాదనకు జవాబు అలా వచ్చింది. బజారులో కొత్త చెప్పులు కొనుక్కునేటప్పుడు "రెండోది కూడా చెబుదాంలే," అన్నాను. శారద తల ఊపింది.

పత్తికొండ బస్సు

డోన్ దాటి పత్తికొండ వైపు బస్సు వెళుతుంటే నేల రంగు మారుతూ పోయింది. ఎర్రమట్టి పోయి నల్లరేగడి వచ్చింది. నా పక్కన కూర్చున్న ఆవిడ సంతకు పోయి వస్తోంది.

"యాడికి పోతాండారు?" అని పలకరించింది. చెప్పాను. ఎవరింటికి, ఏం పని, పిల్లలెంతమంది, అన్నీ అడిగింది. మా వైపు బస్సులో పక్కమనిషిని ఇన్ని అడిగితే లేచి వేరే సీటుకు పోతారు. ఆవిడ అడుగుతూనే గుడ్డమూట విప్పి జొన్నరొట్టె విరిచి, శనక్కాయ పొడి వేసి నా చేతిలో పెట్టింది.

"మీ ఊర్లో రొట్టె తినరా?"

"రోజూ తినం. మాకు అన్నమే."

"మూడు పూటలా బువ్వేనా! దుడ్లున్నోళ్ళే మీరు," అంది. దుడ్లంటే డబ్బులని శారద చెవిలో చెప్పింది.

మాకు కాలువ ఉందనీ, డబ్బుండి కాదనీ చెప్పబోయాను. ఆవిడ దిగాల్సిన చోటు వచ్చేసింది. మిగిలిన రొట్టె మూటతో సహా నా ఒడిలో పెట్టి దిగిపోయింది. మూటగుడ్డ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికి పంపాలో తెలియదు.

శనగచేలో

ఆలూరుకు కొంచెం ఇవతలే లక్ష్మీదేవి ఊరు. ఆమె మమ్మల్ని చేను దాకా తీసుకెళ్ళింది. జానెడు ఎత్తు శనగ పచ్చగా పరుచుకుని ఉంది. చేను నడుమ మంచె మీద తలగుడ్డ చుట్టుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దాయన. శారదను చూడగానే మంచె దిగి గబగబా వచ్చాడు.

"మట్టి మేడం! ఇంత దూరం యాల వచ్చినావమ్మా?"

"చెప్తానన్నాను కదా పెద్దయ్యా," అంది శారద. ఆ తర్వాత, తిరుపాలమ్మ పోయిందని నాకు తెలియలేదు, అని మాత్రం అనగలిగింది. ఓబన్న తల వంచుకుని, "పోయినేడు," అన్నాడు.

గట్టు మీద కూర్చున్నాం. నేను ఆయన కర్ర అడిగి తీసుకుని నిలువుగా పట్టుకున్నాను. ఇది మీ దొన మట్టి అనుకోండి, కింది కొస పాతకాలం, పై కొస నిన్నామొన్న, అని మొదలుపెట్టాను.

"ఈ కింది భాగంలో నీడా తేమా ఉంటే తప్ప బతకని చెట్లున్నాయి. గడ్డి తక్కువ. ఇక్కడికి వచ్చేసరికి ఆ చెట్లు పలచబడ్డాయి. అప్పటికి ఇందులో బొగ్గు లేదు, పైరు పెట్టిన గుర్తు లేదు. వానలే తగ్గాయి. మీ గుట్ట మీద ఒక్కచోటే కాదు."

"మేము పుట్టకముందరేనా?"

"మీ తాతల తాతలకు చాలా ముందు."

ఓబన్న ఊపిరి వదిలాడు. ఆ మొహం చూశాక నాకు అక్కడే ఆగిపోవాలనిపించింది. నిజంగానే ఆగిపోయాను. వేరే మాట కోసం వెతుక్కుంటుంటే శారద నా చేతిలోంచి కర్ర తీసుకుంది.

"ఇంకా ఉంది పెద్దయ్యా. ఈ నడుమ భాగంలో సన్నటి మసి ఉంది, గడ్డి పెరిగింది. మందలు కాసేవాళ్ళు, సేద్యం చేసేవాళ్ళు నిప్పు పెట్టి ఉంటారు. ఇక ఈ పైన…"

ఆమె చెప్పకముందే ఓబన్న చెయ్యి చాచి కర్ర పై కొసన జాన పెట్టాడు. "ఈడ మాది," అన్నాడు.

"అవును. దీని కింద తిరుమాను, తపసి, నారేపి పుప్పొడి ఉంది. దీంట్లో బొగ్గు తునకలు ఎక్కువ, ఆ చెట్లు తక్కువ. పైపైన సర్కారు తుమ్మ. వానలు పోయింది మీ వల్ల కాదు. చెట్లు పోవడంలో మీ చెయ్యి ఉంది. చెట్లు పోయాక నేలలో నీళ్ళు ఎంత తగ్గాయో నా మట్టి చెప్పలేదు. చెబితే అబద్ధమవుతుంది."

నోరు పెగలదన్న మనిషి ఒక్క తడబాటు లేకుండా చెప్పింది.

ఇంతలో చేను అవతలి కొస నుంచి అయిదారు జింకలు దిగాయి. ఓబన్న లేచి కర్ర తీసుకుని, "హో… హో" అంటూ పోయాడు. చాలాదూరం వెళ్ళాడు. జింకలు వెళ్ళిపోయాక కూడా ఆ గట్టు మీదే కాసేపు నిలబడ్డాడు. లక్ష్మీదేవి, "మా నాయనకు ఏం చెప్పినారక్కా?" అని అడిగింది. చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు. "ఇన్నేండ్లూ అంతా నాదే అనుకుంటి మా. అంతా నాది కాదని తెలిసె. నాది ఎంతో కూడా తెలిసె," అన్నాడు. కర్ర పక్కన పెట్టి, "మాది ఏమని రాసినారు మీ కాయితంలో?" అని అడిగాడు.

శారద రిపోర్టుకు తెలుగులో సారాంశం రాసింది నేనే. గర్వంగా సంచిలోంచి తీసి చదివాను. "పై పొరలో మానవ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది."

"మానవ ప్రభావమంటే?"

"మనుషులు చేసిన మార్పు అని."

"మనుషులంటే యెవురు?" కోపం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. "ఊరూ పేరూ ఉండవా? రెండేండ్లు వరసగా వానల్లేక గడ్డి గూడా మొలవలేదు. కంట్రాక్టరు వచ్చి, నరికి కాల్చండి, లారీ నేను పంపిస్తా అన్యాడు. మేము ఏడుమందిమి పోయినాం. ఆ బొగ్గంతా పట్నాలకు పాయె, ఇస్త్రీ పెట్టెలకు, టీ అంగళ్ళకు. మానవుడు ఒకడే వచ్చి చేసినట్ల రాస్తే ఎట్లమ్మా?"

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి ఆదివారం బొగ్గుల ఇస్త్రీపెట్టెతో వారానికి సరిపడా చీరలు ఇస్త్రీ చేసుకునేదాన్ని. ఆ బొగ్గు ఏ చెట్టుదో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ సంగతి ఆయనతో చెప్పాను. "అందరమూ ఉండాము గదా," అన్నాడు మెల్లిగా.

కాగితం వెనక్కి తిప్పి, చెప్పండి రాస్తాను అన్నాను. శారద పెన్ను ఇచ్చింది.

ఓబన్న గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కరినీ చెప్పాడు. ముందు తన పేరు. తర్వాత భార్య తిరుపాలమ్మ. తర్వాత బాలోబులు, ఉసేనప్ప, పెద్ద మారెన్న, చిన్న మారెన్న, వెంకటసుబ్బన్న. చెప్పిన ప్రతి పేరుకూ ఉన్నాడో పోయాడో చెప్పాడు. ఉసేనప్ప ఒక్కడే ఉన్నాడట, ప్రొద్దుటూరులో కొడుకు దగ్గర. కంట్రాక్టరు పేరు అడిగాను. "ఆయప్ప పేరు మాకు తెలీదు మా. సేటూ సేటూ అంటాంటిమి," అన్నాడు. సేటు అనే రాశాను.

"ఇది రిపోర్టులో చేరుస్తావా?" అని శారదను అడిగాను. రిపోర్టు ఇంకా అచ్చు కాలేదనీ, దాని చివర సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పేచోట ఈ కాగితం మొత్తం పెడతాననీ, ఎవరైనా తీసేయమంటే ఊరుకోననీ అంది.

"సదువు మా, తప్పులుంటాయేమో," అన్నాడు ఓబన్న.

గుట్ట మీద చెట్లు నరికినవారు, అని పైన రాసిన మాటతో సహా చదివాను. ఓబన్న అన్నాక, తిరుపాలమ్మ అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆయమ్మ పేరు ఆ వరసలో వద్దు. ఆయమ్మ నరకలేదు. మోసింది. మోసింది అని రాయి."

ఆ పేరు కొట్టేసి, కింద విడిగా రాశాను. తిరుపాలమ్మ, బొగ్గు మోసింది. రాసింది పైకి చదివాను.

"కడుపుతో ఉండి," అన్నాడు ఓబన్న, లక్ష్మీదేవి వైపు చూడకుండా. "సుంకమ్మ అప్పుడు కడుపులో ఉండాది."

అది కూడా రాశాను.